డౌనూరు దాటాక: లంబసింగి ఘాటు పనితనం

నర్సీపట్నం నుంచి చింతపల్లికి వెళ్ళే రోడ్డు డౌనూరు దాకా మైదానపు రోడ్డే. నర్సీపట్నం దాటగానే వరాహ నది, బలిఘట్టం, తర్వాత పొలాలు, తోటలు, అక్కడక్కడా విడిగా నిలబడ్డ గుట్టలు. డౌనూరు దాటాక ఆ గుట్టలన్నీ ఒకదానికొకటి ఆనుకుని గోడలా లేస్తాయి. నర్సీపట్నం సముద్రమట్టానికి 60 మీటర్ల దరిదాపులో ఉంటుంది. సుమారు 30 కిలోమీటర్ల అవతల లంబసింగి 1,000 మీటర్ల దగ్గర ఉంటుంది. ఆ తేడాలో ఎక్కువ భాగం డౌనూరు తర్వాతే ఎక్కాలి. ఆ కొండ ఎక్కే దారే ఘాటు.

లంబసింగి అనగానే అందరికీ చలికాలపు పొగమంచు గుర్తొస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారకముందే కార్లు బారులు తీరతాయి. రోడ్డును రోడ్డుగా చూడాలంటే మాత్రం జూలైలో, వాన పడుతుండగా వెళ్ళాలి. మైదానంలో రోడ్డును ముందు బండి బరువు చూసి కడతారు. కొండ మీద ముందు నీటిని చూసి కడతారు, బండి సంగతి ఆ తర్వాత. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని చూస్తే ఘాటులోని గోడలు, తూములు, వంపులు ఎందుకక్కడ ఉన్నాయో ఒక్కొక్కటిగా తెలిసివస్తుంది.

మొదట వాలు లెక్క. కొండ ప్రాంతపు రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన మామూలు హద్దు 20కి 1. అంటే 20 మీటర్లు ముందుకు సాగితే 1 మీటరు పైకి లేవవచ్చు, అంతకు మించకూడదు. ఈ లెక్కన 900 మీటర్లు ఎక్కడానికి 18 కిలోమీటర్ల రోడ్డు కావాలి. కావిడి భుజాన వేసుకుని సంతకు దిగే మనిషికి ఈ లెక్కతో పని లేదు. అతని కాలిబాట వీలైనంత సూటిగా పోతుంది, నిట్రంగా ఉన్నచోట రాయి పట్టుకుని ఎక్కుతాడు. చక్రానికి ఆ వీలు లేదు. కాబట్టి రోడ్డు తనకు కావలసిన పొడవునంతా ఆ కొండ వాలు మీదే వెతుక్కోవాలి. ఒక పక్కగా చాలా దూరం పోయి, చోటు దొరికినప్పుడు వెనక్కి తిరిగి, మళ్ళీ రెండో పక్కకు పోవాలి. మనకు మెలికలుగా కనిపించేదంతా ఆ 18 కిలోమీటర్లను చుట్టిపెట్టే ఉపాయం.

ఆ గీతను అడవిలో, చెట్ల మధ్య, కంటికి పది గజాలకు మించి కనిపించనిచోట ఎలా గీశారు? పాత ఘాటు ఇంజనీర్ల దగ్గర దానికొక పరికరం ఉండేది, పేరు ఘాట్ ట్రేసర్. నాకు చాలా ఇష్టమైన పనిముట్లలో అదొకటి. ఒక సన్నని లోహపు గొట్టం, దాన్ని పట్టి ఉంచే త్రికోణపు చట్రం, చట్రం అడుగున అంకెలు చెక్కిన పట్టీ, ఆ పట్టీ మీద అటూ ఇటూ జరిగే బరువు. మొత్తాన్నీ ఒక నిలువు కర్రకు వేలాడదీస్తారు. బరువు సున్నా దగ్గర ఉంటే గొట్టం సమతలంగా నిలుస్తుంది. బరువును జరిపితే గొట్టం ఆ మేరకు వాలుతుంది. ఎంత జరిపితే ఎంత వాలో పట్టీ మీది అంకె చెబుతుంది. మట్టం చూసే బుడగ అక్కర్లేదు, మరలు తిప్పి సరిచేయనక్కర్లేదు. భూమి ఆకర్షణే దాన్ని సరిచేస్తుంది.

బరువును 20కి 1 అన్న అంకె దగ్గర పెట్టి, గొట్టంలోంచి చూస్తారు. అవతలి కొసన అడ్డంగా, నిలువుగా బిగించిన సన్నని తీగలు కనిపిస్తాయి. సహాయకుడు ఒక పలక కట్టిన గడను పట్టుకుని ముందుకు పోతాడు. గొట్టం నేలకు ఎంత ఎత్తున ఉందో పలక నడిమి గుర్తూ సరిగ్గా అంతే ఎత్తున ఉంటుంది. చూసే మనిషి చేయి ఊపుతుంటే గడ పట్టినవాడు కొండవాలు మీద కొంచెం పైకి, కొంచెం కిందికి జరుగుతాడు. పలక నడిమి గుర్తు తీగ మీదకు వచ్చినచోట మేకు కొడతారు. తర్వాత ఆ మేకు దగ్గరికి పరికరం, ఇంకా ముందుకు గడ. అలా మేకు వెంట మేకు కొడుతూ పోతే కొండ ఒంటి మీద ఎక్కడా వాలు మారని ఒక గీత ఏర్పడుతుంది. అది కొండ ముక్కు ముందుకు పొడుచుకొచ్చినచోట బయటికి వంగుతుంది, వాగు లోపలికి కోసినచోట లోపలికి పోతుంది. ఆ వంపులన్నీ కొండ ఆకారం నుంచి వచ్చినవే.

గీత ఒకటే దొరుకుతుందనుకోకూడదు. ఎన్నో దొరుకుతాయి. వాటిలో ఏది నిలుస్తుందో తేల్చడంలో ఉంది అనుభవం. అవతలికి దాటే కనుమ ఎక్కడుందో ముందు చూసుకుని, పైనుంచి కిందికి గీస్తూ రావడం ఘాటు పనిలో పాత పద్ధతి. పై కొస తప్పిపోకూడదు, కింది కొస కొంచెం అటూ ఇటూ అయినా మైదానంలో సర్దుకోవచ్చు. ఊటలు కారేచోటును, ఎప్పుడో విరిగిపడ్డ చరియల మన్నును తప్పించాలి. ఒకే వాగును మూడుసార్లు దాటే గీతకన్నా ఒకసారి దాటే గీత మేలు. ఇవన్నీ చూసుకుని ఒకటి ఖాయం చేశాక, దాని వెంట మీటరు, మీటరుంపావు వెడల్పున ఒక సన్నని బాట కోస్తారు. పనివాళ్ళు, పనిముట్లు, మందుగుండు పోవడానికి అదే దారి. రోడ్డు తర్వాత ఆ బాటలోంచే వెడల్పవుతుంది.

వెడల్పు చేయడంలో కూడా ఒక పొదుపు ఉంది. లోపలి పక్క కొండను కోస్తారు. కోసిన మన్నూ రాయీ బయటి పక్క పోసి నింపుతారు. సగం కోత, సగం నింపుడు. దూరం నుంచి ఏదీ మోసుకురానక్కర్లేదు. చిక్కల్లా నింపుడుతోనే. వాలుగా ఉన్న నేల మీద వదులు మన్ను పోస్తే అది ఆ వాలు మీదుగానే జారిపోతుంది. అందుకని పోయబోయే ముందు కింది నేలను మెట్లు మెట్లుగా తవ్వుతారు. పోసిన మన్ను ఆ మెట్లను పట్టుకుని నిలబడుతుంది. రోడ్డు పూర్తయ్యాక ఆ మెట్లు ఎవరికీ కనిపించవు. రోడ్డు బయటి సగమంతా వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ కొండలది ఎక్కువగా ఖొండలైటు రాయి. ఖోండు ఆదివాసుల పేరు మీదుగానే భూగర్భశాస్త్రం దానికి ఆ పేరు పెట్టింది. తాజాగా పగలగొడితే గట్టిదే గాని, వానకూ ఎండకూ చాలా లోతుదాకా చివికి ఎర్రమట్టిగా మారే గుణం దానికుంది. అదే చివుకుడు ఇంకా ముదిరి చింతపల్లి, గూడెం వైపు కొండల నెత్తిన బాక్సైటు అయింది. రోడ్డు వేసేవాడికి దీని అర్థం ఏమిటంటే, కోసినప్పుడు నిటారుగా నిలిచిన గట్టు నాలుగు వానాకాలాల తర్వాత అలాగే నిలుస్తుందన్న నమ్మకం లేదు. కంకరకు మాత్రం ఇదే తూర్పు కనుమల్లో దొరికే చార్నొకైటు అనే నల్లరాయి ఉంది. ముదురు రంగు, బరువు, నలగని గుణం. ఒక రాయి వల్ల వచ్చే ఇబ్బందికి మరో రాయి ఆసరా.

ఇదంతా కోసిన చేతులెవరివి? 1920ల తొలి ఏళ్ళలో నర్సీపట్నం నుంచి లంబసింగి దాకా దారి పని సాగింది. అప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. కాంట్రాక్టరుతో కలిసి అతను మన్యం జనాన్ని ఆ పనికి తోలాడు. ఇవ్వవలసిన కూలి ఇవ్వలేదు. అడిగినవాళ్ళను కొరడాలతో కొట్టించాడు. అడవిచట్టాలు పోడు వ్యవసాయాన్ని అప్పటికే అణగదొక్కాయి. ఇంటి పక్క అడవిలోంచి కట్టె తెచ్చుకున్నా నేరమైన కాలం. దాని మీద ఈ వెట్టి. అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, మల్లు దొర నడిపిన పితూరికి దగ్గరి కారణాల్లో ఈ రోడ్డు పని ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేసి తుపాకులు తీసుకుపోయారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటు ఇరుకులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు వాళ్ళ తూటాలకు పడిపోయారు. ఏ వంపు దగ్గర పైనున్నవాడికి కిందివాడు కనిపిస్తాడో, కిందివాడికి పైవాడు కనిపించడో ఆ కొండల్లో పుట్టినవాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఆ తెలివే దారి తవ్వడంలోనూ పనికొచ్చి ఉంటుంది. గట్టు ఎక్కడ జారుతుందో, ఊట ఎక్కడ పుడుతుందో చెప్పగలిగినవాళ్ళు వాళ్ళే.  పని విలువ తెలిసినకొద్దీ ఆ ఎగ్గొట్టిన కూలి ఎంత పెద్ద అన్యాయమో తెలుస్తుంది. ఆ పితూరికి నూరేళ్ళయ్యాక, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి, లంబసింగి, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. రోడ్డు ఎక్కుతున్నవాళ్ళు మధ్యలో సీతారామరాజు పేరున్న జిల్లాలోకి ప్రవేశిస్తారు.

ఇక గోడలు. ఘాటులో రెండు రకాలుంటాయి. రోడ్డుకు పై పక్కన, కోసిన గట్టు విరిగిపడకుండా కట్టేది బ్రెస్ట్ వాల్. కింది పక్కన, రోడ్డునే మోస్తూ లోయవైపు నిలబడేది రిటైనింగ్ వాల్. పైది కంటికి కనిపిస్తుంది. కిందిది బండిలో పోయేవాడికి కనిపించదు, ఎదుటి మలుపు నుంచి వెనక్కి తిరిగి చూస్తే తప్ప. అలా చూస్తే మనం ఇందాక నిశ్చింతగా దాటొచ్చిన రోడ్డు ఎంత ఎత్తు రాతికట్టు మీద నిలబడి ఉందో అర్థమవుతుంది. ఆ గోడ నిటారుగా ఉండదు, కొండవైపు కొంచెం వాలి ఉంటుంది. అడుగున లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. రాళ్ళను వాటి పడక చూసి పరుస్తారు. మధ్యమధ్య ఒక పొడవాటి రాయిని ముఖం నుంచి లోపలికంటా దిగేలా పెడతారు. ముందు వరసా వెనక వరసా విడిపోకుండా పట్టేది ఆ రాయే.

గోడను కూల్చేది మన్ను బరువు కన్నా ఎక్కువగా మన్నులో నిలిచిన నీటి ఒత్తిడి. అందుకని నీటికి గోడలోంచే దారి ఇస్తారు. సున్నమో సిమెంటో వాడకుండా పేర్చిన రాతిగోడకు ఆ బెంగ లేదు, ప్రతి సందూ ఒక దారే. ఎత్తు గోడల్లో మధ్యమధ్య సిమెంటు పట్టీలు కట్టి, వాటి మధ్య వట్టి రాయి పేర్చే పద్ధతి అందుకే వచ్చింది. బిగువుకు బిగువు, నీరు పోవడానికి సందుకు సందు. పూర్తిగా సిమెంటుతో కట్టినచోట వీప్ హోల్స్ అనే రంధ్రాలు వదులుతారు. అవి బయటికి కొంచెం వాలి ఉంటాయి. వాటి వెనక మన్ను కాకుండా గులకరాళ్ళు నింపుతారు. మన్ను తగిలితే రంధ్రం మూసుకుపోతుంది, రాళ్ళయితే నీటిని వడకట్టి వదులుతాయి. జూలై వానలో ఈ రంధ్రాల్లోంచి సన్నని ధారలు కారుతుంటే చూసి, గోడ చెడిపోయిందనుకుంటారు కొందరు. అది గోడ ఆరోగ్యం. వానలో కారని రంధ్రాన్ని చూసి బెంగపడాలి.

రోడ్డు మీద పడే నీటి సంగతి వేరు. మైదానంలో రోడ్డు నడుమ కొంచెం ఎత్తుగా ఉండి నీరు రెండు వైపులా పోతుంది. ఘాటులో అలా చేస్తే సగం నీరు లోయవైపు అంచు మీదుగా పోయి, నింపుడు మన్నును కోసుకుంటూ దిగుతుంది. అందుకని రోడ్డు మొత్తాన్నీ కొండవైపుకే వాల్చుతారు. నీరంతా లోపలి పక్క కాలువలో పడుతుంది. కాలువ ఆ నీటిని కొంతదూరం నడిపించి ఒక తూముకు అప్పగిస్తుంది. తూము రోడ్డు అడుగునుంచి దాన్ని అవతలికి దాటిస్తుంది. తూముకు పై పక్కన చిన్న గుంట ఉంటుంది. కొట్టుకొచ్చే రాళ్ళూ ఆకులూ అందులో దిగబడి, నీరు మాత్రమే లోపలికి పోవాలి. కింది పక్కన నీరు పడేచోట రాళ్ళు పరుస్తారు, లేకపోతే పడిన నీరు గోడ పాదాన్నే తవ్వేస్తుంది. గట్టు నెత్తిన, మనకు కనిపించనంత ఎత్తున, ఇంకో కాలువ ఉంటుంది. కొండపై నుంచి వచ్చే వాననీటిని కోసిన ముఖం మీదకు రానివ్వకుండా పక్కకు మళ్ళించేది అది.

ఇప్పుడు వాలుకూ వంపుకూ మధ్య ఒక చక్కని చిక్కు వస్తుంది. మలుపులో బండి బయటికి తూలకుండా రోడ్డు బయటి అంచును లేపాలి. రోడ్డు కొండ ముక్కు చుట్టూ తిరిగేటప్పుడు బయటి అంచు లోయవైపుది. దాన్ని లేపితే నీరు కొండవైపు కాలువలోకే పోతుంది, ఏ పేచీ లేదు. కోనలోకి దూరి వాగు దాటేచోట వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ మలుపుకు బయటి అంచు కొండవైపుది. దాన్ని లేపితే నీరు లోయవైపుకు పారుతుంది. అయితే సరిగ్గా అక్కడే తూమో వంతెనో ఉంటుంది, నీరు అటే పోవాలి గనక కట్టూ గట్టిగానే ఉంటుంది. అంటే ముక్కు దగ్గర ఒకవైపు వాలిన రోడ్డు, కోన దగ్గరికి వచ్చేసరికి రెండోవైపు వాలుతుంది. ఆ రెంటి మధ్య ఒకచోట రోడ్డు ఏ పక్కకూ వాలకుండా సమంగా ఉంటుంది. నీరు నిలిచే ప్రమాదం ఆ ఒక్కచోటే. కాని ఘాటు కాబట్టి రోడ్డు పొడుగునా ఎక్కుడు ఉండనే ఉంది, నీరు దాని వెంట దిగిపోతుంది. అడ్డంగా పోయే వాలు లేనిచోట నిలువుగా పోయే వాలు ఆదుకుంటుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకు ఒళ్ళు ఒకసారి అటూ ఒకసారి ఇటూ ఒరగడం తెలుస్తూనే ఉంటుంది. ఆ ఊగిసలాటలో ఉన్న లెక్క ఇది.

హెయిర్‌పిన్ మలుపు అన్నిటికన్నా కష్టమైన భాగం. ఎక్కుతున్న రోడ్డు అక్కడ పూర్తిగా వెనక్కి తిరగాలి. అందుకు కొండ మీద కొంచెం బల్లపరుపు చోటు కావాలి. లేకుంటే పై పక్క లోతుగా కోసి, కింది పక్క ఎత్తుగా గోడ లేపి ఆ చోటును తయారుచేసుకోవాలి. ప్రమాణాల ప్రకారం లోపలి వంపు వ్యాసార్ధం 14 మీటర్లకు తగ్గకూడదు. స్టేట్ హైవేలో రెండు వరసల రోడ్డయితే మలుపు కొసన 11.5 మీటర్ల వెడల్పుండాలి. పొడవాటి బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలికి కోసుకుని వస్తాయి. ఆ అదనపు వెడల్పు వాటికోసం. వాలు కూడా ఇక్కడ తగ్గాలి. బయట 20కి 1 ఉన్న ఎక్కుడు మలుపులో 40కి 1 మించకూడదు. తిరుగుతున్న చక్రానికి ఈడ్పు ఎక్కువ కాబట్టి ఎక్కే భారాన్ని ఆ మేరకు తగ్గిస్తారు. మరీ సమంగా కూడా చేయరు, నీరు కదలాలంటే కనీసం 200కి 1 ఉండాలి. ఒక మలుపుకూ తర్వాతి మలుపుకూ మధ్య కనీసం 60 మీటర్లు వదలాలి. స్టీరింగు ఒకవైపు పూర్తిగా తిప్పిన డ్రైవరు దాన్ని నేరుగా చేసుకుని, ఊపిరి తీసుకుని, రెండోవైపు తిప్పడానికి సిద్ధం కావద్దూ?

డ్రైవర్ల పద్ధతి కూడా ఈ నిర్మాణంలో ఒక భాగమే. ఇరుకుచోట ఎదురైతే దిగే బండి ఆగి ఎక్కే బండికి దారి ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఎక్కుతూ ఆగిన లారీ మళ్ళీ కదలాలంటే బరువంతా మొదటినుంచీ లాగాలి, వెనక్కి జారే భయమూ ఉంది. దిగే బండి ఆగినా దాన్ని కదిలించేది వాలే. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగమనేది ఇంకో మాట. బ్రేకు వేడెక్కి పట్టు విడవకుండా ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. దారిలోని బోడకొండమ్మ గుడి దగ్గర బండి ఆపి దండం పెట్టుకునేవాళ్ళు ఉంటారు. కొంతసేపు ఇంజనూ చల్లబడుతుంది.

దారి పక్కని కిలోమీటరు రాళ్ళ రంగులకూ ఒక లెక్క ఉంది. 1943లో నాగపూర్‌లో కూర్చున్న ఇంజనీర్లు దేశంలోని రోడ్లను జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రహదారులుగా వర్గీకరించారు. స్టేట్ హైవే కిలోమీటరు రాయికి ఆకుపచ్చ నెత్తి, జాతీయ రహదారికి పసుపు. రాజమహేంద్రవరం నుంచి మన్యం మీదుగా విజయనగరం పోయే 516ఈ జాతీయ రహదారి చింతపల్లి, లంబసింగి, పాడేరులను కలుపుతుంది కాబట్టి ఈ కొండల మీద ఇప్పుడు పసుపు రాళ్ళు కూడా కనిపిస్తాయి. చింతపల్లి దాటాక ఇంకో దారి గూడెం కొత్తవీధి మీదుగా కాఫీ తోటల్లోంచి పోయి, ధారకొండ ఘాటు దిగి, సీలేరు చేరుతుంది. అక్కడినుంచి డొంకరాయి, మోతుగూడెం, చింతూరు, భద్రాచలం. సీలేరు నది మీద వరసగా కట్టిన జలవిద్యుత్ కేంద్రాలకు ఆ దారే ఆధారం. ధారాలమ్మ గుడి ఉన్న ఆ ఘాటులోనూ ఇవే గోడలు, ఇవే తూములు, ఇవే తలకిందులయ్యే వాలులు.

ఇలాంటి రోడ్డును కట్టడం ఒక్కసారి, కాపాడటం ఏటా. నైరుతి వానలు జూన్‌లో మొదలవుతాయి, అవి వెళ్ళాక అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల కాలం. గ్యాంగు కూలీలకు పని తెలిసిన మేస్త్రీ ఉంటే మే నెలలో చేయించే వరస ఇది. ముందు పైనున్న మళ్ళింపు కాలువలో పడ్డ మన్ను తీయించాలి, ఎందుకంటే అది పూడితే కింద ఎంత శుభ్రం చేసినా వృథా. తర్వాత లోపలి పక్క కాలువ, తూముల నోళ్ళు, నోళ్ళ ముందున్న గుంటలు. ఆ తర్వాత గోడల రంధ్రాల్లో గునపం పెట్టి పొడవాలి, వాటిలో మొలిచిన రావి మొక్కలను వేళ్ళతో సహా లాగాలి. రోడ్డు పక్కల గడ్డి పెరిగి, నీరు కాలువలోకి దిగకుండా రోడ్డు మీదే నిలుస్తుంటే ఆ గడ్డి చెక్కించాలి. ఇవన్నీ అయ్యాకే రోడ్డు మీది గుంటల్లో కంకర, తారు వేయించాలి. గుంట అనేది చాలాసార్లు చక్రం వల్ల పుట్టదు, పోవలసిన దారి మూసుకుపోయి రోడ్డులోకి ఇంకిన నీటి వల్ల పుడుతుంది. కాలువ తీయకుండా వేసిన తారు వచ్చే ఆగస్టు దాకా కూడా ఉండదు.